మూగవోయిన ల్యాప్‌టాపును మన మూఢవిశ్వాసమును

పూర్వము మన యిండ్లలో బిడ్డకు జ్వరము తగిలినచో, నాడి చూచు వైద్యునికంటె ముందుగా భూతవైద్యునికి కబురు పోయెడిది. జ్వరమునకు కారణము శరీరములోనే యుండునని నమ్మువారు తక్కువ. ఏదో గాలి సోకినదనియో, గ్రహము పట్టినదనియో తలచువా రెక్కువ. ఆ కాలము గడచిపోయినదని మనము సంతోషించుచున్నాము. గడచినది కాలమే కాని మన బుద్ధి యున్నచోటనే యున్నదని నాకు తోచుచున్నది. సందేహమున్న చదువరులు, తమ యింట అయిదాఱేండ్లు వాడిన ల్యాప్‌టాపు ఒకనాడు మూగవోయినప్పుడు తాము చేసిన పనిని ఒక్కసారి జ్ఞప్తికి దెచ్చుకొందురు గాక.

ఏమి చేయుదుము? రెండు మాఱులు మూత మూసి తెఱచుదుము. వీపుమీద అఱచేతితో తట్టుదుము. ఆపి మఱల నడిపించుదుము. అంతటితో మన విచారణ ముగియును. పిమ్మట దానిని సంచిలో పెట్టి దుకాణమునకు పంపుదుము. అచ్చటి మనుష్యుడు అయిదు నిమిషములు చూచి, “మదరుబోర్డు పోయిందండీ” అనును. ఆ మాట చెవిని పడినంతనే మనము తలవంచుదుము. మదరుబోర్డనగా నేమి, అది పోయినదని మీ కెట్లు తెలిసినది, అని యడుగువాడు నూటి కొక్కడు లేడు. పాతది అటకెక్కును. క్రొత్తదానికి నెలసరి వాయిదాలు మొదలగును. భూతవైద్యుడు “దయ్యము పట్టినది” అన్నప్పుడు మన తాతలు చేసిన పనికిని దీనికిని భేదమేమి?

మరమ్మతుదారులందఱు మోసగాండ్రని నేను చెప్పుట లేదు. అట్లు చెప్పుట అన్యాయము. కంటికి భూతద్దము తగిలించుకొని, ఆవగింజంత ముక్కను మాఱ్చి చచ్చిన యంత్రమును బ్రదికించు పనివారు మన పట్టణములలో నున్నారు. వారికి నా నమస్కారము. నా వ్యాజ్యము వారితో కాదు. ప్రశ్న అడుగుటయే మానుకొన్న మనతో. ఎమ్మే చదివిన వాడును ప్రశ్న యడుగడు. అక్షరము రాని వాడును అడుగడు. ఈ విషయమున మాత్రము మనలో సంపూర్ణ సమత్వము సిద్ధించినది.

నేనును ఈ పాపము చేసినవాడనే. పదేండ్ల క్రిందట నా ల్యాప్‌టాపు ఒక సాయంకాలము మూగవోగా, పరీక్ష యేమియు లేకయే పాత సామానుల వానికి అయిదువందల కిచ్చివేసితిని. ఆఱు నెలల పిమ్మట, అదే రకపు యంత్రము గల నా సహోపాధ్యాయు డొకడు తనదియు అట్లే మూగవోయినదనియు, అప్‌డేటు వలన సరిపడని డ్రైవరు వచ్చి చేరగా దానిని తీసివేసి, తయారుచేసినవారు ఆ నమూనాకై యిచ్చిన పాత డ్రైవరును మఱల నిలిపినంతనే మాటలాడినదనియు చెప్పెను. నా యంత్రము మూగవోయిన నాటి మధ్యాహ్నమే అప్‌డేటు జరిగినదని నాకప్పుడు జ్ఞప్తికి వచ్చినది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పోయిన సొమ్ము కొఱకు కాదు. పిల్లలకు తర్కము బోధించుచు నేను తర్కింపనందుకు.

ఆ సిగ్గే నాచేత ఈ వ్యాసము వ్రాయించుచున్నదనుట కొంత నిజము. తక్కిన నిజము మా పదవ తరగతిలోని యొక బాలికది.

ఆమె అన్న ఇంజనీరింగు కళాశాలలో చేరినప్పుడు తండ్రి అతనికి క్రొత్త ల్యాప్‌టాపు కొనియిచ్చెను. ఎనిమిదేండ్ల పాతది చెల్లెలి పాలబడినది. దానితో ఆమె రాత్రులు గణితపాఠములు వినుచు, ఇంగ్లీషు మాటల ఉచ్చారణము నేర్చుకొనుచుండెను. కొన్నాళ్లకు అది మూగవోయినది. దుకాణములో మదరుబోర్డు మాఱ్చవలెననియు, తొమ్మిదివేలగుననియు చెప్పిరి. తండ్రి చెడ్డవాడు కాడు, కాని, “తెర కనబడుతోంది కదమ్మా, చదువుకోవచ్చు. మోత ఎందుకు?” అని యూరకుండెను. ఆ యంత్రము కొడుకుదైనచో ఆయన ఆ మాట అని యుండెడివాడా? మగపిల్లవానికి మాటలాడు యంత్రమును, ఆడపిల్లకు మూగ యంత్రమును! పంక్తిలో వేడియన్నము వానికిని, అడుగంటినది ఈమెకును పెట్టిన చేయియే యిది. వస్తువు మాఱినది, వడ్డన మాఱలేదు.

ఆ బాలిక నాయొద్దకు వచ్చి, “మాస్టారూ, తొమ్మిదివేలు మా నాన్నగారు పెట్టలేరండీ. వేరే దారి ఏమైనా ఉందా?” అని యడిగినది. నేను యంత్రశాస్త్రము చదువలేదు. చదివినది వ్యాకరణము, కొంత తర్కము, ఇంగ్లీషు. అయినను తర్కము ఇచ్చట చాలునని తోచి, “రేపు దానిని తీసికొని రా అమ్మాయీ, ఇద్దరమును చూతము” అంటిని.

ల్యాప్‌టాపులో శబ్దము ఒక్కచోట పుట్టి ఒక్క గంతులో చెవిని చేరునది కాదు. పాటను నడుపు ప్రోగ్రాము మొదటి మెట్టు. దానినుండి అంకెల రూపమున నున్న శబ్దము ఆపరేటింగు సిస్టమునకు పోవును. అచ్చటనుండి డ్రైవరు అను దుబాసీ దానిని ధ్వనిచిప్పునకు తెలియజేయును. 2004లో ఇంటెలు సంస్థ ఏర్పఱచిన హై డెఫినిషన్ ఆడియో పద్ధతిని అనుసరించిన యంత్రములు మన యిండ్లలో విస్తారముగ నున్నవి. వానిలో ఈ చిప్పు అంకెలను విద్యుత్తరంగములుగ మాఱ్చును. ఆ తరంగములు బలపఱుపబడి, ఇయర్‌ఫోను రంధ్రమునకు గాని, అడుగున మూలలనుండు రెండు చిన్న స్పీకర్లకు గాని పోవును. ఇన్ని మెట్లలో ఏది విఱిగినను ఫల మొక్కటే: నిశ్శబ్దము. కావున నిశ్శబ్దమును మాత్రము విని, విఱిగిన మెట్టిది యని చెప్పుట ఎంతటి వానికిని శక్యము కాదు. పరీక్షింపకయే చెప్పువాడు వైద్యుడు కాడు, సోదె చెప్పువాడు.

పరీక్షకు మన తార్కికులు అన్వయవ్యతిరేకములను మార్గమును ఏనాడో చూపి యున్నారు. ఒకటి యున్నచోట ఫలముండుటయు, అది లేనిచోట ఫలము లేకుండుటయు చూచి కారణమును నిశ్చయించుటయే ఆ మార్గము. దీనినే పట్టుకొంటిమి. మొదట ధ్వనిని ఆపు మీట నొక్కబడి యున్నదేమో చూచితిమి, లేదు. వేఱు ప్రోగ్రాములో పాట పెట్టితిమి, వినబడలేదు. అందుచేత తప్పు మొదటి మెట్టున లేదు. పిమ్మట నా ఇయర్‌ఫోను దూర్చితిమి. బాలిక చెవిని పెట్టుకొని, “వినబడుతోంది మాస్టారూ!” అని గంతు వేసినది. ఆ ఒక్క మాటతో దుకాణము వారి తీర్పు సగము కూలినది. చెవిలో పాట స్పష్టముగ వినబడుచున్నదనిన, డ్రైవరు పని చేయుచున్నది, ధ్వనిచిప్పు బ్రదికి యున్నది. మిగిలినవి చివరి మెట్లు మాత్రమే.

అప్పుడు ఇయర్‌ఫోనును తీసివేసి, తెఱమీద ధ్వని ఎచ్చటికి పోవుచున్నదో చూడుమంటిని. రంధ్రములో ఏమియు లేకున్నను ‘హెడ్‌ఫోన్లు’ అనియే చూపుచున్నది. ఆ రంధ్రములో చిన్న మీట యొకటి యుండును. తీగ దూర్చినప్పుడు అది కదలి, ఇక స్పీకర్ల నాపవలసినదని యంత్రమునకు తెలుపును. తీసినప్పుడు తన చోటికి మరలవలెను. ఏండ్లతరబడి సంచులలో తిరిగిన యంత్రమున దుమ్ము, నూలుపోగులు చేరి ఆ మీట మరలకున్నచో, లేని తీగను ఉన్నదనియే యంత్రము తలచును. రజ్జుసర్పభ్రాంతి మనుష్యులకు మాత్రమే కాదు గదా! యంత్రమును ఆపి, విద్యుత్తీగను తొలగించి, సన్నని కొయ్యపుల్లతో మెల్లగా తీయగా బఠాణిగింజలో సగమంత నూలుముద్ద వచ్చినది. తీగను పదిసార్లు దూర్చి తీసితిమి. మఱల నడిపింపగా, ఆమె కొన్ని వారముల క్రిందట సగములో విడిచిన గణితపాఠము గది నిండ మ్రోగినది. తొమ్మిదివేల రోగమునకు కాని ఖర్చు లేదు. పుల్ల పట్టుకొన్న చేయి ఆమెదే. నేను ఇయర్‌ఫోను ఎరువిచ్చితిని.

అన్ని యంత్రములకును రోగ మిదియే యని నా యర్థము కాదు. పాత ల్యాప్‌టాపులకు వచ్చు ధ్వనిరోగములు పలువిధములు. వానిలో పెక్కింటికి విడిభాగము కొనవలసిన పనియే లేదు. ప్రక్క గదిలోని బ్లూటూతు పెట్టెతో సంబంధము తెగకయుండగా పాట అచ్చటికి పోవుచుండును. ఇచ్చట మనము తల పట్టుకొందుము. టెలివిజనుకు గాని ప్రొజెక్టరుకు గాని హెచ్.డి.యం.ఐ. తీగతో కలిపిన పిమ్మట ధ్వని ఆ దారినే కోరుకొని యుండును. విండోసులో ధ్వనిని నడపు సర్వీసు నిలిచిపోయి యుండును. మెఱుగులను పేరుతో తయారీదారులు చేర్చిన ‘ఎన్‌హాన్సుమెంట్లు’ ధ్వనిని గరగర లాడించును. వానిని ఆపినంతనే కొన్నియెడల గొంతు కుదుటబడును. లినక్సు నడపువారు ఆల్సామిక్సరు తెఱచి చూచినచో, మూయబడిన ధ్వనిమార్గము క్రింద ‘యం.యం.’ అను రెండక్షరములు కనబడును. ‘యం’ మీట నొక్కినంతనే అది తెఱచుకొనును.

తప్పు సాఫ్టువేరుదో, వస్తువుదో తేలనప్పుడు సులభమైన నికషోపల మొకటి కలదు. పెన్‌డ్రైవులో లినక్సు నెక్కించి, డిస్కులోని దేనిని ముట్టకయే యంత్రమును దానితో నడుపుడు. అందులో పాట వినబడినచో వస్తువు నిర్దోషి. దోషము విండోసులోనిదో, డ్రైవరుదో యగును. అందును వినబడక, ధ్వనిచిప్పు పేరే కనబడనిచో, బయోసులో అది ఆపబడి యున్నదేమో చూడుడు. అదియు కాకున్నచో చిప్పునకే కీడు మూడియుండవచ్చును. ఈ పరీక్షకు వలసినది ఒక పెన్‌డ్రైవు, ఒక పూటకాలము. లినక్సునకు వెల లేదు.

ఇక ఒక ప్రక్క మాత్రమే వినబడుట, కొన్ని స్వరములయందు చినిగిన కాగితమువలె మ్రోగుట స్పీకరు లక్షణములు. అడుగుపలకను తీసి, చిన్న తీగతో తగిలించియున్న స్పీకర్లను మాఱ్చుట పెక్కు యంత్రములలో కష్టము కాదు. అన్నియు విఫలమై, ధ్వనిచిప్పే నిజముగ చచ్చినదనుకొందము. అప్పుడు సైతము కొన్నివందల రూపాయలకు దొరకు యూయెస్బీ ధ్వనిపరికరమును ప్రక్కన గ్రుచ్చినచో, ఆ చిప్పుతో పనిలేకయే యంత్రము మాటలాడును. కాలు విఱిగిన వానికి కఱ్ఱ యిత్తుము గాని కాటికి పంపము గదా.

ఇందుకు మన పెద్దమనుష్యులు చెప్పు ఆక్షేపణలు మూడు. మొదటిది: “మా కాలము విలువైనది; ఈ పనులకు తీరిక లేదు.” క్రొత్త యంత్రమును ఎంచుటకు రెండు వారములు తెఱలు తిరుగవేయువారు, పాతదానిని పరీక్షించుటకు ఒక గంట లేదనుట నాకు నవ్వు పుట్టించుచున్నది. రెండవది: “ముట్టిన చెడునేమో.” ఈ వెఱపులో కొంత న్యాయమున్నది. బ్యాటరీ ఉబ్బిన యంత్రమును ఇంట తెఱవరాదు, అగ్నిప్రమాదము కలుగవచ్చును, అది పనివాని చేతికే ఈయవలెను. నీరు పడిన యంత్రమును వెంటనే ఆపవలెను గాని నడిపించి చూడరాదు. కాని మీటలు చూచుట, ఇయర్‌ఫోను దూర్చుట, డ్రైవరు మాఱ్చుట వీనిచేత చచ్చిన యంత్రమును నేను చూడలేదు. నిప్పు కాలునని వంట మానితిమా?

మూడవ యాక్షేపణ బలమైనది: “పాత యంత్రము భద్రము కాదు, క్రొత్త విండోసు దానిమీద ఎక్కదు.” నిజమే. విండోసు 10నకు సాధారణ భద్రతాసవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. 2021లో వచ్చిన విండోసు 11 టీ.పీ.యం. 2.0 అను భద్రతాభాగము గల, కొంత క్రొత్తవైన ప్రాసెసర్లనే అంగీకరించును. ఎనిమిదవ తరమునకు ముందటి ఇంటెలు ప్రాసెసర్లు, కొద్దిపాటి మినహాయింపులతో, ఆ పట్టికలో లేవు. చక్కగా పనిచేయుచున్న ఎన్నియో యంత్రములు వయస్సుచేత కాక కట్టుబాటుచేత వెలియైనవి. వెలివేయబడిన వానిని ఏమి చేయవలెనో సంస్కారప్రియులకు నేను చెప్పవలెనా? అట్టి యంత్రమున సవరణలు వచ్చుచుండు లినక్సు నెక్కింపుడు. బిడ్డల పాఠములకు, ఉత్తరములకు, పాటలకు అది చాలును. ధ్వని విషయమున దానికి కొన్ని చిక్కులు లేకపోలేదు. కొన్ని చిప్పులకు కొంత సవరింపు వలయును. చిక్కు కలదని చెప్పుట వేఱు, దారి లేదని చెప్పుట వేఱు.

తప్పంతయు గృహస్థులమీద త్రోయుట న్యాయము కాదు. మూత తెఱవరాకుండ అంటించువారు, విడిభాగముల నమ్మనివారు, మరమ్మతు వివరములను దాచువారు వర్తకులలో కలరు. ఫ్రాన్సు దేశమున 2021 జనవరి నుండి ల్యాప్‌టాపు మున్నగు కొన్ని వస్తువులను అమ్మునపుడు, వాని మరమ్మతుయోగ్యతకు పదింటికి ఇన్ని మార్కులని చూపవలెనను నియమము వచ్చినది. వస్తువు కొనకముందే దాని నడవడి తెలియుట ఎంత మేలు! మన కేంద్రప్రభుత్వపు వినియోగదారుల వ్యవహారముల శాఖయు 2022 జూలైలో మరమ్మతు హక్కును గూర్చి ఒక సంఘమును నియమించి, ఆ డిసెంబరులో దానికై ఒక పోర్టలును తెఱచినది. 2022 నాటి ఇ-వ్యర్థముల నిబంధనలు 2023 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చినవి. మంచిదే. కాని చెత్తయైన పిదప సంస్కరించు నిబంధన దహనసంస్కారము వంటిది. బ్రదుకదగిన దానికి ముందు వైద్యము కావలెను. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో ప్రకటించిన లెక్క ప్రకారము, 2022వ సంవత్సరమున లోకమంతట 6 కోట్ల 20 లక్షల టన్నుల విద్యుత్పరికరముల చెత్త పుట్టినది. అందు సక్రమముగ సేకరించి తిరిగి పనికి తెచ్చినట్లు లెక్కకు వచ్చినది నూటికి 22.3 పాళ్లే. తక్కిన దానిలో కొంత పేదబిడ్డలు కాల్చి రాగి యేరుకొను కుప్పలలో చేరుచున్నది. మన యటకమీది మూగయంత్రము అచ్చటికి పోవుటకు ఒక్క మెట్టే తక్కువ.

కాని చట్టము ఎంత మంచిదైనను, అడుగువాడు లేనిచోట అది వ్రాతబల్లమీది యక్షరమే. అడుగుట నేర్పవలసినది ఇల్లును, బడియును. మా బడిలో కంప్యూటరు పాఠమనగా మానిటరు, మౌసు, కీబోర్డు అను పేర్లను వల్లెవేయుట. పాడైన యంత్రము నొకదానిని బల్లమీద పెట్టి, “దీనికేమి వచ్చినదో కనిపెట్టుడు” అని పిల్లలతో చెప్పిన గంట నా యుద్యోగకాలములో నొక్కటియు లేదు. ఈ యేడు ఆ గంట నేనే పెట్టనున్నాను. అందులో స్క్రూడ్రైవరు మొదట ఆడపిల్లల చేతికే యిత్తును. ఇంటిలో మిక్సీ ఆగినను, ల్యాప్‌టాపు మూగవోయినను మగవాడు వచ్చువఱకు చేతులు ముడుచుకొని కూర్చుండవలెనని నేర్పిన చదువు ఏమి చదువు? అక్షరము నేర్పి ప్రశ్న నేర్పనివారము, తలుపు తెఱచి గడప దాటవలదన్నవారమే యగుదుము.

ఇంటింటి తల్లిదండ్రులకు నా విన్నప మింతే. వచ్చు ఆదివారమున అటకమీది యంత్రమును దింపుడు. దుమ్ము తుడిచి, బిడ్డలను, ముఖ్యముగ కూతురిని, ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. ఒక ఇయర్‌ఫోను దూర్చి చూడుడు, ధ్వని ఎచ్చటికి పోవుచున్నదో చూడుడు, డ్రైవరును చూడుడు, పెన్‌డ్రైవుతో పరీక్షింపుడు, కనుగొన్న దానిని కాగితముమీద వ్రాయుడు. అప్పటికిని మాటలాడకున్నచో ఆ కాగితముతో దుకాణమునకు పొండు. “మదరుబోర్డు పోయిందండీ” అని వారన్నచో, “ఇయర్‌ఫోనులో వినబడుచున్నదే, అది యెట్లు?” అని మీ కూతురిచేత అడిగింపుడు. ఆ బాలిక తండ్రియు ఇప్పుడు దుకాణమునకు పోవునపుడు ఆమెను వెంట తీసికొని పోవుచున్నాడని విన్నాను.